జూలీ గుర్రుమంటే గుర్రుమననివ్వండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. ఇంట్లో పాత కుక్క ఉంది, కొత్తగా కుక్కపిల్ల వచ్చింది, రెండింటికీ పడటం లేదు. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిది కొంచెం పెద్దదే, కానీ ఆ ఇంట్లో జరుగుతున్నదే చాలా ఇళ్లల్లో జరుగుతోంది కాబట్టి పూర్తిగా చదవండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి, పద్మావతీపురం. మా ఇంట్లో 9 ఏళ్ల పొమేరియన్ ఉంది, పేరు జూలీ. చిన్నప్పుడు వీధికుక్కలు మీదపడి కరిచాయి, అప్పటి నుంచి దానికి ఇంకో కుక్క అంటే గిట్టదు. పక్కింటి కుక్క మా గేటు దగ్గరికొచ్చినా చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది. మనుషులతో మాత్రం చాలా మంచిది. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక జూలీ దిగులుగా ఉంటోందని మా అబ్బాయి పోయిన వారం 40 రోజుల లాబ్రడార్ పిల్లను కొనుక్కొచ్చాడు. మగది, బ్రూనో అని పేరు పెట్టాం. తెచ్చిన రోజే హాల్లో రెండింటినీ ఎదురెదురుగా వదిలితే జూలీ పళ్లు చూపించి గుర్రుమంది. పిల్ల అదేదో ఆట అనుకుని మీదికెక్కింది, అంతే, కటుక్కున పట్టేసింది. రక్తం రాలేదు గానీ పిల్ల కుయ్యో కుయ్యో అని ఏడ్చింది. అప్పటి నుంచి పిల్ల మిద్దె మీద గదిలో, జూలీ కింద. మూడు రోజులుగా జూలీ సరిగ్గా తినడం లేదు, నీళ్లు మాత్రం బాగా తాగుతోంది. మా అత్తగారు జూలీని చంద్రగిరి దగ్గర మా వాళ్ల తోటలో వదిలేద్దాం అంటున్నారు. ఎదురింటాయన రెండింటినీ ఒకే గదిలో వేసి తలుపు మూయండి, అవే తేల్చుకుంటాయి అంటున్నారు. పిల్లను వెనక్కి ఇచ్చేద్దామా అని నాకు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు కరిచిన సంగతి దగ్గర కాదు. తిండి మానేసింది, నీళ్లు బాగా తాగుతోంది అన్న చోట. పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేయించాం, మిగతా పాఠకుల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. కొత్త పిల్ల వచ్చింది కదా, అలిగి ఉంటుంది అని మనమే ఒక కథ అల్లేసుకుంటాం. కుక్కలు దిగులు పడతాయి, కాదనను, కానీ ఒకటి రెండు పూటలు దాటి తిండి ముట్టకపోతే దాన్ని అలక ఖాతాలో వేయకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు వయసు మీదపడ్డాక, ఎదకు వచ్చి వెళ్లిన నెల రెండు నెలల్లో గర్భసంచికి చీము పట్టే జబ్బు వస్తుంటుంది. తిండి తగ్గడం, నీళ్లు తెగ తాగడం, మాటిమాటికీ మూత్రం, నీరసం, వాంతులు, కొన్నింటికి వెనక నుంచి చీములాంటి స్రావం. స్రావం ఏమీ కనబడలేదంటే బాగుందని కాదు, చీము లోపలే చిక్కుకుపోయి ఉండొచ్చు, అది ఇంకా ప్రమాదం. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి ఉంది మీకు, 1955 నాటి కాలేజీ అది, అక్కడికి గానీ మీకు అలవాటైన డాక్టరు దగ్గరికి గానీ తీసుకెళ్లి కడుపు స్కానింగ్, రక్తపరీక్ష చేయించండి.

అక్కడికి వెళ్లినప్పుడే పళ్లు, చెవులు, కళ్లు, మోకాళ్లు కూడా చూడమనండి. పొమేరియన్లకు ఈ వయసుకి పళ్లు పాడైపోయి ఉంటాయి, మోకాలి చిప్ప పక్కకు జారే బాధ కూడా ఈ జాతిలో ఎక్కువ. కళ్లకు పొర వచ్చి ఉంటే పక్క నుంచి దూసుకొచ్చే పిల్ల దానికి కనిపించదు కూడా. ఒంట్లో ఎక్కడో నొప్పి పెట్టుకుని ఉన్న కుక్కను మనం ఎంత బుజ్జగించినా, ఎన్ని పద్ధతులు పాటించినా పిల్లను దగ్గరికి రానివ్వదు. నొప్పికి మందు పడ్డాక సగం కోపం తగ్గిపోయిన కుక్కల్ని మా వైద్యంలో తరచూ చూస్తుంటాం.

ఇక అసలు సంగతి. ఆ రోజు హాల్లో జూలీ ఏ తప్పూ చేయలేదు. పళ్లు చూపించింది, గుర్రుమంది, అంటే దగ్గరికి రావద్దని దాని భాషలో చెప్పింది. పిల్లకు అర్థం కాలేదు, మీదికెక్కింది. అప్పుడు కూడా రక్తం రాకుండా పట్టి వదిలేసిందంటే అది అదుపు తప్పిన కుక్క కాదు, పంటి బలం ఎంత వాడాలో తెలిసిన కుక్క. మధ్యాహ్నం కునుకు తీస్తున్న అవ్వ మీదికి మనవడు ఎగిరి దూకితే అవ్వ కసురుకుంటుందా లేదా, ఇదీ అంతే.

పిల్లకు ఎందుకు అర్థం కాలేదంటే దాన్ని 40 రోజులకే తల్లి నుంచి విడదీశారు. తల్లి దగ్గర, తోడబుట్టిన పిల్లల దగ్గర ఉన్నప్పుడే కుక్కపిల్ల నేర్చుకుంటుంది, ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది ఏడుస్తుంది, తల్లి గుర్రుమంటే ఎక్కడ ఆగాలి అని. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం రెండు నెలలు నిండని పిల్లను అమ్మనే కూడదు. అయినా అమ్ముతున్నారు, ముద్దుగా చిన్నగా ఉంటే త్వరగా అమ్ముడుపోతుందని. మీ అబ్బాయిని తిట్టొద్దు, ప్రేమతోనే తెచ్చాడు. కానీ కొనబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి 8 వారాలు నిండేదాకా పిల్లను తల్లి దగ్గరే ఉంచమని గట్టిగా అడగండి, ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి.

గుర్రుమన్నప్పుడల్లా జూలీని అదిలించడం, వీపు మీద ఒకటి వేయడం ఇంట్లో ఎవరైనా చేస్తుంటే ఈ రోజుతో మాన్పించండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట. గుర్రు అనేది హెచ్చరిక. దాన్ని దెబ్బలతో నొక్కేస్తే కోపం పోదు, హెచ్చరిక ఒక్కటే పోతుంది, తర్వాత ఒకరోజు చప్పుడు లేకుండా నేరుగా కరుస్తుంది, అప్పుడు అందరూ ఉన్నట్టుండి కరిచిందండీ అంటారు. ఉన్నట్టుండి ఏ కుక్కా కరవదు. గుర్రుమనడానికి ముందే ఒళ్లు చెబుతుంది, చూడటం రావాలి. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. ఎదురుగా తినేదేమీ లేకపోయినా నాలుకతో ముక్కు తడుపుకుంటుంది. మొహం పక్కకు తిప్పేసుకుంటుంది గానీ కళ్లు మాత్రం పిల్ల మీదే ఉంటాయి, అప్పుడు కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. ఆ తర్వాత ఊపుతున్న తోక ఆగిపోతుంది, ముందు కాళ్లు బిగుసుకుంటాయి, నోరు మూసుకుపోతుంది. పొమేరియన్‌కి బొచ్చు ఎక్కువ కాబట్టి ఒళ్లు బిగుసుకోవడం అంత తేలిగ్గా తెలియదు, నోరు చూడండి. రొప్పుతూ తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటే అదే గుర్తు. అక్కడే, గుర్రుదాకా పోనివ్వకుండా, పిల్లను మీరు పిలుచుకుని పక్కకు తీసుకెళ్లిపోవాలి. జూలీని కాదు, పిల్లను. జాగా ఇవ్వాల్సింది కొత్తగా వచ్చింది.

ఎదురింటాయన సలహా మాత్రం వినొద్దు. మూసిన గదిలో తేల్చుకోవడం అంటూ ఏమీ ఉండదు, పారిపోవడానికి దారి లేని చోట భయపడ్డ కుక్క ఇంకా గట్టిగా కరుస్తుంది. ఇప్పుడు పిల్ల కన్ను పోవచ్చు. ఆరు నెలలు వచ్చేసరికి బ్రూనో 20 కిలోల దాకా పెరుగుతాడు, జూలీ మహా అయితే ఆరేడు కిలోలు ఉంటుంది, అప్పుడు వాడు కోపంతో కాకుండా ఆటకు మీదపడినా జూలీ నడుం విరుగుతుంది. మీకున్న సమయం ఈ రెండు మూడు నెలలే, వాడు చిన్నగా ఉన్నప్పుడే జూలీ జోలికి పోకూడదని వాడికి నేర్పాలి. చాలామంది పాత కుక్కకు బుద్ధి చెప్పడం మీద పడతారు. నేర్పాల్సింది పిల్లకు.

మీ అత్తగారి మాట కూడా నేను తేలిగ్గా తీసుకోను, ఇంట్లో రోజూ గొడవంటే పెద్దావిడకు టెన్షన్‌గానే ఉంటుంది. కానీ 9 ఏళ్లు ఇంట్లో మంచం కింద పడుకున్న కుక్క తోటలో బతకలేదు. గోమార్లు పట్టి జ్వరం వస్తుంది, తోటకాడ ఉండే కుక్కలు దాన్ని కలుపుకోవు, పైగా చంద్రగిరి వైపు శేషాచలం అడవి అంచున చిరుతల సంచారం ఉంది, చిరుతకు కుక్క చాలా సులువైన వేట. ఆవిడకు ఈ మూడూ చెప్పి చూడండి, వదిలేద్దాం అనే మాట మళ్లీ అనరని నా నమ్మకం.

ఇప్పుడు చేయాల్సిన పని. మిద్దె మీద పిల్ల, కింద జూలీ అని మీరు పెట్టుకున్న ఏర్పాటు మంచిదే, దాన్ని ఇంకో రెండు వారాలు అలాగే ఉంచండి. ఎలాగూ ఉంచాల్సిందే, ఎందుకంటే కొన్న పిల్ల పార్వో, డిస్టెంపర్ లాంటి అంటు జబ్బులు మోసుకొచ్చి ఉండొచ్చు, అవి బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. పిల్లకు మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా. రేబీస్ టీకా మూడు నెలలకు. నులిపురుగుల మందు మొదట్లో రెండు వారాలకోసారి. జూలీ ఈ ఏడాది టీకాలు అయ్యాయో లేదో కార్డు తీసి చూడండి, ఇంట్లోనే ఉంటుంది కదా అని ముసలి కుక్కలకు మానేసేవాళ్లు చాలామంది. పైన పిల్లను ఎత్తుకున్నాక చేతులు కడుక్కుని కిందికి రండి.

ఈ రెండు వారాల్లో వాసన పని చేయించండి. కుక్క ముందు ముక్కుతో పరిచయం చేసుకుంటుంది. పిల్ల పడుకునే పాత తువ్వాలు ఒకటి డాక్టరు పిల్ల ఆరోగ్యంగా ఉందన్నాక కిందికి తెచ్చి హాల్లో ఒక మూల వేయండి, జూలీ ముక్కు దగ్గర పెట్టొద్దు. దానంతట అది వచ్చి వాసన చూసి వెళ్లిపోతే నోటికి ఏదో ఒక మంచి ముక్క అందించండి. మూతి తిప్పుకుని వెళ్లిపోయినా ఏమీ అనొద్దు, రేపు మళ్లీ వేయండి. అలాగే జూలీ పక్కగుడ్డ పైకి. బ్రూనో వాసన వచ్చినప్పుడల్లా నాకు మంచి జరుగుతోంది అని దానికి అనిపించాలి, అంతే, ఇందులో ఇంకే మాయా లేదు.

మంచి ముక్క అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముక లేకుండా. మీ ఇంట్లో తినరంటే పనీర్ ముక్క, ఉడికిన గెనుసుగడ్డ, గట్టి పెరుగన్నం చిన్న ఉండలు. తిరుపతిలో ఉన్నాం కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నా, లడ్డూ ప్రసాదం పెట్టకండి. ప్రేమతో చిన్న ముక్క విరిచి కుక్కకు కూడా పెట్టడం మన ఇళ్లల్లో మామూలే, కానీ అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, ఒక కుక్క తట్టుకున్నది ఇంకోదాని ప్రాణం మీదికి తెస్తుంది, ఆరేడు కిలోల కుక్క విషయంలో ఆ సాహసం వద్దు. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా అంతే.

వాసనకు జూలీ మామూలుగా ఉంటోందనిపించాక చూపు. మీ మిద్దె మెట్ల దగ్గర గ్రిల్ గేటు ఉంటే పని సులువు. సందుల్లోంచి పిల్ల దూరకుండా కింది భాగానికి అట్ట గానీ మెష్ గానీ కట్టి, మొదట గేటు మొత్తానికి ఒక దుప్పటి వేలాడదీయండి. రోజూ దుప్పటి కొంచెం కొంచెం పైకి జరపండి. గేటుకు అటువైపు పిల్ల, ఇటువైపు బాగా దూరంగా జూలీ, ఇద్దరి దగ్గరా ఒక్కో మనిషి, ఇద్దరికీ తినడానికి ముక్కలు. ఎంత దూరంలో ఉంటే జూలీ నోరు తెరుచుకుని మామూలుగా తింటోందో అదే దాని దూరం. ఇచ్చిన ముక్క తినకుండా పిల్లనే చూస్తూ ఉందంటే దగ్గరైపోయారు, వెనక్కి రండి. రెండు మూడు నిమిషాలు చాలు. బాగా జరుగుతోంది కదా ఇంకాసేపు ఉంచుదాం అనుకున్నప్పుడే గొడవలు మొదలవుతాయి.

గేటు లేకుండా కలిపే మొదటిసారి మాత్రం మీ ఇంట్లో వద్దు, హాలు జూలీది, అక్కడ అది ఒప్పుకోదు. మామూలుగా అయితే బయట రోడ్డు మీద నడిపిస్తూ కలపమని చెబుతాం, కానీ టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే నేల మీద దించకూడదు, పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. అందుకని యూనివర్సిటీ గ్రౌండూ వద్దు, పార్కూ వద్దు. తెలిసినవాళ్ల మిద్దె ఏదైనా చూసుకోండి, కుక్కలు ఎప్పుడూ ఎక్కనిది. ఎండ తగ్గి నేల చల్లబడ్డాక వెళ్లండి, మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరైనా మిద్దె కాలుతూనే ఉంటుంది, మీ అరచేయి పెట్టి చూసుకోండి. పిల్లను అప్పటికే ఆడించి, మూత్రం పోయించి, సగం అలసిపోయేలా చేసి తీసుకెళ్లండి. జూలీకి మెడ బెల్టు కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ వేయండి, పొమేరియన్లకు గొంతు గొట్టం బలహీనం, మెడ దగ్గర లాగితే దగ్గు మొదలవుతుంది. రెండింటి తాళ్లూ వదులుగా ఉండాలి. తాడు బిగిస్తే మన భయం తాడు గుండా కుక్కకు తెలిసిపోతుంది. ఎదురెదురుగా నడిపించొద్దు, ఒకే దిక్కుకు పక్కపక్కన, మధ్యలో బాగా ఎడం వదిలి నడవండి, నడుస్తూ నడుస్తూ ఎడం తగ్గించండి. జూలీ వెనక నుంచి వచ్చి పిల్ల వెనకభాగం వాసన చూస్తే చూడనివ్వండి, మూడు లెక్కపెట్టి మెల్లగా పిలిచేయండి. ఆ రోజుకు అది చాలు.

తర్వాత ఇంట్లో. పిల్లకు తాడు ఉండాలి, జూలీకి పిల్ల అందుకోలేని చోటు ఉండాలి. మంచం, సోఫా, పూజగది పక్క మూల, ఏదైనా సరే, జూలీ అక్కడికి వెళ్లిందంటే పిల్లే కాదు, మనుషులు కూడా కదిలించకూడదు. ఇంటికి ఒక కొత్త ప్రాణి వచ్చిందని పాత కుక్క దినచర్య మార్చొద్దు. ఇంతకాలం పొద్దున్నే జూలీని ముందు బయటికి తీసుకెళ్తుంటే ఇప్పుడూ ముందు జూలీయే, అన్నమూ ముందు జూలీకే, మీ అమ్మాయి బెంగళూరు నుంచి వీడియో కాల్ చేస్తే ముందు పలకరించాల్సింది కూడా జూలీనే. పళ్లేలు వేర్వేరు గదుల్లో, తినడం అయ్యాక తీసేయండి. ఎవరూ లేనప్పుడు రెండింటినీ కలిపి వదలొద్దు, ఎన్నాళ్లంటే నెలలు. రెండు రోజులు బాగున్నాయి కదా అని మార్కెట్‌కు వెళ్లి వచ్చేలోపు జరిగిన గొడవలకే చాలామంది మా దగ్గరికి వస్తారు.

మన ఊరికి ఇంకో ఇబ్బంది ఉంది, చుట్టాలు. తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి వచ్చినవాళ్లంతా ఒక రాత్రి మన ఇంట్లోనే, బ్రహ్మోత్సవాలప్పుడు అడగనక్కర్లేదు. బ్యాగులు, పిల్లలు, తెల్లవారుజామున మూడింటికి లేచి స్నానాలు, ఆ హడావిడికే ముసలి కుక్క సగం అలసిపోయి ఉంటుంది. ఆ వారంలో కొత్త ప్రయత్నాలు ఏవీ పెట్టుకోకండి, పిల్లను పైనే ఉంచండి. ముఖ్యంగా వచ్చిన పిల్లలు బ్రూనోను ఎత్తుకొచ్చి జూలీ మొహం ముందు పెట్టి ముద్దు పెట్టుకో, ముద్దు పెట్టుకో అంటూ వీడియో తీస్తారు. జూలీ వెనక గోడ, ముందు పిల్ల, చుట్టూ నలుగురు, అది ఎక్కడికి పోతుంది? చుట్టాలు ఏమనుకుంటారో అని మొహమాటపడకుండా అక్కడే ఆపండి.

ఇక చివరిగా మీరు అడగనిది. రెండూ ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని పడుకోవాలని, కలిసి ఆడుకోవాలని మీ మనసులో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. 9 ఏళ్ల పాటు కుక్కలంటే గిట్టని జూలీ ఇప్పుడు స్నేహితురాలు కానక్కర్లేదు. ఒకే హాల్లో ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర పడుకుని, ఒకదాన్ని ఒకటి పట్టించుకోకుండా ఉంటే మీరు గెలిచినట్టే. బ్రూనోకి ఆట మీరు ఆడించండి, టీకాలు అయ్యాక ఆడే వయసున్న కుక్కల్ని చూపించండి, ఆ బరువు జూలీ మీద పెట్టొద్దు.

రెండు మూడు నెలలు మనసు పెట్టి చేశాక కూడా జూలీ మంచం కింద నుంచి రాకుండా వణుకుతుంటే, లేదా రక్తం వచ్చేలా కరుస్తుంటే, అప్పుడు బ్రూనోకి ఇంకో మంచి ఇల్లు చూడటం తప్పు కాదు. తెలిసినవాళ్ల ఇల్లు, మళ్లీ వెళ్లి చూసి రాగలిగిన ఇల్లు. పిల్ల కొత్త ఇంటికి త్వరగా అలవాటు పడుతుంది, జూలీ పడదు. ఎవరో ఒకరు వెళ్లాల్సి వస్తే వెళ్లాల్సింది జూలీ కాదు.

ప్రశ్న: మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. మా నాటు కుక్క రాజాకి 7 ఏళ్లు, కొత్తగా తెచ్చిన పిల్లకు 5 నెలలు. మొదట్లో రాజా ఏమీ అనేది కాదు, పిల్ల మీద ఎక్కి తొక్కినా ఊరుకునేది. ఈ మధ్య అన్నం దగ్గర రోజూ గొడవ. మొన్న విడదీయబోయిన మా అబ్బాయి చేతికి పన్ను గీరుకుంది, కొంచెం రక్తం కనిపించింది. మావి టీకాలు వేసిన కుక్కలే. ఇంజెక్షన్ వేయించాలా?
ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వేయించండి, అంటే ముందు డాక్టరుకు చూపించండి, ఈ రోజే. చర్మం చీలి రక్తం కనిపించిందంటే అది తేలిగ్గా తీసుకునే గాయం కాదు. మన ఇంటి కుక్క, టీకా వేసిన కుక్క అని మీరు నిర్ణయం తీసుకోవద్దు, కార్డు పట్టుకెళ్లి చూపిస్తే సూదులు ఎన్ని, ఇంకేమైనా కావాలా అన్నది వాళ్లు చెబుతారు. ప్రభుత్వాసుపత్రిలో రేబీస్ టీకా ఉచితం. ఇకముందు ఎప్పుడు గీరుకున్నా వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు.

పోట్లాడుకుంటున్న కుక్కల మధ్య చేయి పెట్టకూడదు, మెడ బెల్టు పట్టుకుని లాగకూడదు, ఆ ఊపులో ఎవరి చేయి ఏదో వాటికి తెలియదు. బకెట్ నీళ్లు మీద పోయండి, దుప్పటి కప్పేయండి, ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో తోయండి, గట్టిగా అరవడం మాత్రం వద్దు, అరుపుకి ఇంకా రెచ్చిపోతాయి.

రాజా మారలేదండీ, పిల్ల పెరిగింది. సుమారు నాలుగైదు నెలలు వచ్చేదాకా పెద్ద కుక్కలు పిల్లల్ని చాలావరకు సహిస్తాయి, ఆ తర్వాత పద్ధతిగా ఉండమని అడుగుతాయి. దానికి తోడు మీరు రెండింటికీ ఒకే చోట అన్నం పెడుతున్నారు. రేపటి నుంచి ఒకటి వంటింటి వెనక, ఒకటి ముందు వసారాలో, మధ్యలో తలుపు వేసి పెట్టండి. మనం సంగటి తినేటప్పుడు ముద్దలు విసిరే అలవాటుంటే అది పూర్తిగా మానాలి, చాలా గొడవలకు ఆ విసిరిన ముద్దే మొదలు. పిల్ల ఆడదా మగదా రాయలేదు. ఏదైనా సరే, డాక్టరుతో మాట్లాడి తగిన వయసులో ఆపరేషన్ చేయించండి, గొడవ పూర్తిగా పోతుందని చెప్పను గానీ ఇంట్లో సంతానం బాధ, ఎదకొచ్చినప్పటి రచ్చ తగ్గుతాయి.

ప్రశ్న: మా ఇంట్లో రెండు కుక్కలు ఉండేవి, ఒకటి పోయిన నెల చనిపోయింది. మిగిలిన దానికి 13 ఏళ్లు. గేటు దగ్గరే కూర్చుని చూస్తూ ఉంటుంది, మాకు చూడలేకుండా ఉంది. తోడుగా ఒక పిల్లను తేవాలనుకుంటున్నాం. తెమ్మంటారా?
ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: వద్దమ్మా. ఇంకో కుక్కను ఇష్టపడి తెచ్చుకుంటే అది వేరు, కానీ దిగులుకు మందుగా పిల్లను తేవద్దు. దానికి కావాల్సింది పోయిన తన జత, పిల్ల కాదు. 13 ఏళ్ల ఒంటికి రోజంతా మీదపడి చెవులు కొరికే పిల్ల శిక్షే అవుతుంది. మీరే ఇంకొంచెం ఎక్కువసేపు దాని పక్కన కూర్చోండి. పొద్దున, సాయంత్రం ఒకే వేళకు, అది ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా ఒక వీధి తిప్పండి, వాసన చూస్తూ ఆగితే ఆగనివ్వండి, లాగొద్దు. చనిపోయిన కుక్క పడుకున్న గోనెపట్టా అప్పుడే ఉతకకండి, వాసన చూసుకోవాలనిపిస్తే చూసుకుంటుంది. తిండి తగ్గితే, మెట్లు ఎక్కడానికి వెనకాడితే, రాత్రిళ్లు దారి మరిచిపోయినట్టు ఇంట్లో తిరుగుతుంటే అది దిగులు ఒక్కటే కాకపోవచ్చు, డాక్టరుకు చూపించండి, నొప్పికీ మతిమరుపుకీ ఇప్పుడు మందులున్నాయి.